పావురంమెడ గిన్నె

"తీస్కపోండి వదినా! గాజు గిన్నె, దాన్దేముంది. మా ఇంట్లో ఇట్లాంటివి శానా పడి ఉండాయి."

ఎంగిలి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వంటింట్లోకి వెళ్తున్న చౌడేశ్వరికి వెనక నుంచి భర్త మద్దిలేటి రెడ్డి గొంతు వినిపించింది. వెనక్కి తిరిగి చూసింది. భోజనానికి వచ్చిన కడప పెద్దాయన, అధికార పార్టీ నాయకుడు, సోఫాలో కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ కిటికీ దగ్గర నిలబడి, అంతకుముందు దాకా ద్రాక్షపండ్లు ఉన్న గిన్నెను రెండు చేతులతో పట్టుకుని వెలుగుకు ఎత్తి చూస్తోంది. "ఎంత బాగుందో" అని ఒక్క నిమిషం కిందట అంది ఆమె. అన్నది అంతే.

చౌడేశ్వరి పళ్ళేలు సింకులో పెట్టింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. హాల్లోకి వచ్చి ఆ గిన్నె తీసుకుని, పాత పేపర్లలో చుట్టి, సంచిలో పెట్టి, బొట్టు పెట్టి మరీ సుబ్బలక్ష్మమ్మ చేతికి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నవ్వింది కూడా. ఆ తర్వాత వారం రోజులు ఆమెను ఎక్కువగా బాధపెట్టింది గిన్నె పోవడం కాదు, ఆ నవ్వు. ఎవరూ నవ్వమనలేదు. అయినా పెదాలు వాటంతట అవే సాగాయి. అల్లం దంచడం, అత్తకు మాత్రలు ఇవ్వడం, ఆఫీసులో పై అధికారి గదిలోకి వెళ్ళేముందు కొంగు సర్దుకోవడం ఎలా అలవాటైపోయాయో, తనది ఎవరైనా తీసుకుపోతుంటే నవ్వడమూ అలాగే అలవాటైపోయిందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ గిన్నె ముదురు ఊదా రంగు. అంచు చీర కుచ్చిళ్ళు పోసినట్టు ముడతలు ముడతలుగా ఉంటుంది. అడుగున పురి విప్పిన నెమలి. నీడలో చూస్తే మామూలు గాజే. వెలుగులోకి తెస్తే మాత్రం పావురం మెడ మీద ఆకుపచ్చ, రాగి, గులాబీ ఒకదాని వెంట ఒకటి ఎలా జారతాయో అలా రంగులు తిరుగుతాయి. కర్నూలు కొండారెడ్డి బురుజు వెనక సందులో పాత సామాన్ల అంగడి నడిపే షంషాద్ బీ దాన్ని పావురంమెడ గాజు అనేది. తర్వాతెప్పుడో ఫోన్లో వెతికితే, పై దేశాలవాళ్ళు దాన్ని కార్నివాల్ గ్లాస్ అంటారనీ, వేడి గాజు మీద ఏవో లవణాలు చల్లితే ఆ మెరుపు వస్తుందనీ, ఖరీదైన గాజు కొనలేని ఇళ్ళ కోసం నూరేళ్ళ కిందట అచ్చుల్లో పోసి చేసేవాళ్ళనీ చదివింది చౌడేశ్వరి. చదివాక ఇంకా ఇష్టం కలిగింది. లేనివాళ్ళ ఇంట్లోకి కాస్త వెలుగు రావాలని ఎవరో అనుకున్నారు గదా అనిపించింది.

మొదట ఒక చిన్న బంతిపువ్వు రంగు గిన్నె కొంది. ఆఫీసు నుంచి వస్తూ ఆటో కోసం షంషాద్ బీ అంగడి ముందు నిలబడితే, తుప్పుపట్టిన తాళాల మధ్య నుంచి అది ఎండలో మెరిసింది. టిఫిన్ డబ్బా సంచిలో దాచుకుని ఇంటికి తెచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కటే చేరాయి. ఆదోనిలో మూతపడిన షర్బత్ అంగడిదొకటి, నంద్యాలలో వాటాలు పంచుకుంటున్న ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదొకటి. అంచు వెంబడి వేలు తిప్పి పెచ్చు లేచిందేమో చూడటం, గోటితో కొట్టి మోగితే పగులు లేదని తెలుసుకోవడం షంషాద్ బీనే నేర్పింది. హాల్లో అద్దాల బీరువా ఉంది గానీ అందులో మద్దిలేటి రెడ్డికి సన్మానాల్లో ఇచ్చిన జ్ఞాపికలు, శాలువాలు ఉంటాయి. అందుకని చౌడేశ్వరి గిన్నెలు పాత నూలు చీరల మడతల్లో, ఇనప పెట్టెలో, అటక మీద బతికేవి. భర్త బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీకి వెళ్ళిన ఆదివారాల్లో వాటిని దింపి, గోరువెచ్చని నీళ్ళలో కడిగి, మిద్దె మీద తడి తువ్వాలు పరిచి ఆరబెట్టేది. ఎండ తగలగానే మిద్దె అంతా రంగులయ్యేది. ఆమె పక్కనే కూర్చుని ఏమీ చేయకుండా చూసేది. వారం మొత్తంలో ఏమీ చేయకుండా కూర్చునేది అప్పుడొక్కటే.

"పగిలేదాన్ని తెచ్చుకుంటావేం మే. స్టీలు గిన్నె కొంటే నీ తర్వాత కూడా ఉంటాది" అనేది అత్త వెంకటలక్ష్మమ్మ. "మా ఆమెకు గాజుపిచ్చిలేప్పా" అని మద్దిలేటి రెడ్డి స్నేహితులతో చెప్పి నవ్వేవాడు. ఆఫీసులో అయితే ఈ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడ ఆమె సీనియర్ అసిస్టెంటు. ఎవరు రిటైరైనా పూలదండ, శాలువా, కారా బూందీ తేవాల్సింది మాత్రం ఆమె. "చౌడేశ్వరి గారుంటే ఆఫీసు కూడా ఇల్లులాగే ఉంటుంది" అన్నాడు ఒకసారి సూపరింటెండెంటు. మెచ్చుకున్నాననే అనుకున్నాడాయన. ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకేం తెలుసు అనుకుంది చౌడేశ్వరి, బూందీ పొట్లాలు విప్పుతూ.

ఇక ఆ నెమలి గిన్నె కొన్నది కాదు. గర్భసంచి తీసేసినప్పుడు ఆమె ఆసుపత్రిలో ఉంది. కూతురు సాహితికి పరీక్షలు. భర్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొంగిచూసి, "ఎప్పుడు పంపిస్తారంట? ఇంట్లో అమ్మకు ఇబ్బందిగా ఉండాది" అని అడిగి వెళ్ళేవాడు. ఆమెకు ఎలా ఉందని అడగాలని ఆయనకు తోచలేదు. చెడ్డవాడై కాదు, అది ఆడవాళ్ళ సంగతి అనుకున్నాడు. ఒక మధ్యాహ్నం షంషాద్ బీ బురఖాలో చెమటలు కక్కుతూ, మూడంతస్తుల మెట్లెక్కి వచ్చింది. సంచిలోంచి ఆ గిన్నె తీసింది. నిండా పాలసేమియా. "తిను అక్కా. మా నానమ్మ పండక్కు దీంట్లోనే పోసేది" అంది. తిన్నాక గిన్నె కడిగి ఇయ్యబోతే తీసుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ. మా ఇంట్లో దీన్ని చూసేవాళ్ళు లేరు" అంది.

అందుకే ఆ గిన్నెను చౌడేశ్వరి ఎన్నడూ వాడలేదు. ఆ రోజు అటక మీద నుంచి దింపింది మద్దిలేటి రెడ్డే. పెద్దాయన ఇంటికి భోజనానికి వస్తున్నాడనగానే ఆయనకు ఇల్లంతా వెలవెలబోతున్నట్టు కనిపించింది. ఫ్యాక్టరీకి రాయి వచ్చే గని లీజు రెన్యువల్ కాగితం ఎక్కడో ఆగిపోయింది. పెద్దాయన ఒక్క మాట చెబితే కదులుతుంది. "మే, నీ గాజుపిచ్చి ఈ పొద్దు పనికొచ్చింది" అని ఆయనే పెట్టె తెరిచి, అన్నిటికన్నా మెరిసేదాన్ని ఏరి, ద్రాక్షపండ్లు పోశాడు.

అతిథుల కార్లు మలుపు తిరిగాక, "నన్ను ఒక మాట అడగాల్సింది" అంది చౌడేశ్వరి.

"ఏమని అడగల్ల? ఆమె నోరు తెరిచి బాగుందనింది. ఊరికే ఉంటే మర్యాదనా?" అన్నాడు మద్దిలేటి రెడ్డి. ఆమె ముఖం చూసి కాస్త తగ్గి, "గాజు గిన్నె గదా మే. ఇంగ పది కొనుక్కో, ఎవరొద్దన్నారు" అని, కాళ్ళు చాపుకుని టీవీ పెట్టాడు. చౌడేశ్వరి సింకు దగ్గరికి వెళ్ళింది. పెద్దాయన వెంట వచ్చినవాళ్ళతో కలిపి పన్నెండు మంది తిన్న పళ్ళేలు అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తున్నాయి.

తర్వాతి ఆదివారం ఆమె అటక మీది పెట్టె దింపలేదు. నడవలో అత్తను కూర్చోబెట్టి తలకు నూనె పెట్టి చిక్కు తీస్తోంది. మధ్యలో దువ్వెన ఆగిపోయింది.

"ఏడుస్తాండావా?" అంది వెంకటలక్ష్మమ్మ వెనక్కి తిరగకుండానే.

"లేదత్తా."

"నా నెత్తి మీద పడ్తాండాయి మే కన్నీళ్ళు. నూనె ఇంత వేడిగా ఉండదు." ముసలామె గొంతు తగ్గించింది. "ఆ గిన్నె కోసమేనా?"

చౌడేశ్వరి మళ్ళీ చిక్కు తీయసాగింది. ఇప్పుడు స్టీలు గిన్నె సంగతి వస్తుందనుకుంది. రాలేదు.

"నా పుట్టింటోళ్ళు నాకొక ఎర్రావును తోలిచ్చినారు" అంది అత్త. "గంగి దాని పేరు. ఈని పది రోజులు కాలే, మీ మామ ఇంటికి ఎవురో ఆఫీసరు వచ్చినాడు. ఆవు బాగుందే అన్నాడు. తోలుకపో స్వామీ అన్నాడు మీ మామ. నేను గడప లోపల నిలబడి ఇంటాండా. పలుపు ఇప్పి ఇచ్చింది ఎవురనుకుంటివి? నేనే. నవ్వుకుంటా ఇచ్చినా. ఆయప్పది పక్క ఊరే. చేనికి పోతాంటే దావలో కనపడేది. నన్ను చూసి అరిసేది మే. మనిషి పిలిచినట్లే పిలిసేది. నేను తల తిప్పుకుని పోయేదాన్ని."

"పోయి అడగలేదా అత్తా?"

"అడగల్యా. అడగొచ్చని నాకు తెల్దు." వెంకటలక్ష్మమ్మ చేయి వెనక్కి చాచి, కోడలి మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆమె అలా పట్టుకోవడం చౌడేశ్వరికి గుర్తులేదు. "నీకు బస్సులు తెలుసు, చదువు తెలుసు. పోయి అడుగు. వాడికి నేను చెప్తాలే, ఆఫీసు పని మీద పోయిందని."

"అబద్ధం ఎందుకత్తా. అడిగితే నిజమే చెప్పు."

మంగళవారం చౌడేశ్వరి సెలవు పెట్టి కడప బస్సెక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. అది జత గిన్నె, రెండోది ఒంటరిగా ఉండకూడదని చెబితే? పక్కింటివాళ్ళదని చెబితే? సిద్ధాంతి ఎవరో దోషమన్నాడని చెబితే? మైదుకూరు దాటేసరికి ప్రతి అబద్ధంలోనూ తాను మళ్ళీ నవ్వుతూ కనిపించింది. వాటిని ఒక్కొక్కటే వదిలేసింది. కడపలో దిగేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పెద్దాయన ఇంటి వరండాలో జనం బెంచీల మీద కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా మనిషి ఒకతను వచ్చి, "అర్జీ ఉంటే ఇచ్చి పోమ్మా. సార్ విజయవాడలో ఉండాడు" అన్నాడు.

"నాకు సార్‌తో పని లేదు. మేడంతో పని. కర్నూలు మద్దిలేటి రెడ్డి గారి భార్యను" అంది. తన పేరు చెప్పలేదని వెంటనే తట్టింది. "చౌడేశ్వరి వచ్చిందని చెప్పు" అని మళ్ళీ అంది.

సుబ్బలక్ష్మమ్మ లోపలికి పిలిపించింది. ఇంట్లో కట్టుకునే నూలు చీరలో, జుట్టు ముడి వేసుకుని, ఆ రోజు పట్టుచీరలో కన్నా చిన్నగా కనిపించింది. "ఏం తల్లీ, ఇంత దూరం? ఆయన గని సంగతేనా?" అని అలసటగా అడిగింది.

"కాదు మేడం. ఆ రోజు మీకిచ్చిన గిన్నె నాది. మా ఆయన నన్ను అడక్కుండా ఇచ్చినాడు. నాకు అది కావాల."

మాటలు బయటికి వచ్చేశాయి. ఇప్పుడు ఈమెకు కోపం వస్తే లీజు పోతుంది, ఫ్యాక్టరీ మూతపడుతుంది, అందరూ తననే అంటారు అని చౌడేశ్వరి మనసు పరిగెత్తింది. అయినా వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

సుబ్బలక్ష్మమ్మ లేచి, "రా" అంది. మేడ మీద ఒక గది తలుపు తీసింది. గది నిండా వస్తువులు. వెండి కుందులు, ఇత్తడి ఏనుగులు, విప్పని పట్టుచీరల పెట్టెలు, గంధపు చెక్క బొమ్మలు, గోడకు ఆనించిన వీణ. అన్నిటి మీదా దుమ్ము.

"ఇవన్నీ నేను బాగుందన్నవే" అంది. "పెండ్లయిన కొత్తలో తెలిసేది కాదు. ఎవరింటికి పోయినా ఇది బాగుంది, అది బాగుంది అంటా ఉంటి. మనం మామూలుగా అనమా? మేం ఇల్లు చేరేలోపల అది కారులో ఉండేది. ఆ వీణ ఒక ఆడపిల్ల నేర్చుకునేదంట. నాకు శానా రోజుల తర్వాత తెలిసింది. అప్పటినుంచి ఎవరింట్లోనూ ఏదీ బాగుందనడం మానేసినా. గర్వం మనిషి అనుకుంటారు, అనుకోనీలే. మీ ఇంట్లో ఆ రోజు నోరు జారింది. ఆ రంగులు చూస్తే ఆగలేకపోతి."

"మరి అప్పుడే వద్దనొచ్చు గదా మేడం?" అనేసింది చౌడేశ్వరి.

"వద్దంటి ఒకసారి. నేను వాళ్ళను తక్కువ చేసినానని ఆ ఇంటాయన భార్యను తిట్టినాడంట, నువ్వు సరిగ్గా ఇయ్యలేదని." సుబ్బలక్ష్మమ్మ గది తలుపు దగ్గరికి వేసింది. "ఎవరో ఒకరు వచ్చి ఇది నాది అని అడుగుతారని చూస్తా ఉంటి. ఒక్కరూ రాల్యా. నువ్వే మొదలు. మేడం అనొద్దు, అక్కా అను."

గిన్నె ఆ గదిలో లేదు. ఆమె పడకగది కిటికీ గూట్లో, పొద్దుటి ఎండ పడే చోట ఖాళీగా ఉంది. అందులో ఆమె ఏమీ వేయలేదు. దాన్ని తీసి, కొంగుతో అంచంతా మెల్లగా తుడిచింది. ఒక్కసారి వెలుగుకు పట్టి చూసుకుని, పాత నూలుచీర తెచ్చి నాలుగు మడతలు చుట్టి, చౌడేశ్వరి ఒళ్ళో పెట్టింది.

"అక్కా, ఆయన లీజు..." అంది చౌడేశ్వరి. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మా ఆయన చెప్పాలనుకుంటే గిన్నె లేకున్నా చెప్తాడు. వద్దనుకుంటే ఇంటినిండా గిన్నెలిచ్చినా చెప్పడు. ఇన్నేండ్లుగా చూస్తాండా గదా. గిన్నెకూ గనికీ ముడి వేసింది మగోళ్ళు, మనం కాదు." సుబ్బలక్ష్మమ్మ ఆగి, సిగ్గుపడుతున్నట్టు అడిగింది. "ఇట్లాంటివి యాడ దొరుకుతాయి? నేనే ఏరుకుని, నేనే బేరమాడి తెచ్చుకోవాలంటే?"

"కర్నూలు పాతూర్లో ఒక అంగడి ఉండాది. చూపిస్తా. కానీ ఆ కారులో వస్తే కుదరదక్కా. మిమ్మల్ని చూస్తానే అంగడోళ్ళు ఊరికే ఇచ్చేస్తారు."

సుబ్బలక్ష్మమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కింద నుంచి వంటమనిషి ఏమైందోనని మెట్ల దాకా వచ్చింది. ఇద్దరూ వంటింట్లోనే కూర్చుని ఓళిగలు తిన్నారు. వెళ్ళేటప్పుడు ఒకరి ఫోను నంబరు ఒకరు తీసుకున్నారు.

తిరుగు బస్సులో చౌడేశ్వరి మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మైదుకూరు దాటాక పసుపు చేలు, ఎండిన వంకలు, దూరంగా నల్లమల వెనక్కి జరిగిపోతున్నాయి. భర్త ఏమంటాడో ఊహించుకుందామని ప్రయత్నించింది. ఆయన మాటలన్నీ ముందే తెలిసినవే. పరువు అంటాడు, పిచ్చి అంటాడు. కానీ ఆ మాటలకు ఎప్పుడూ వేసే భయం ఇప్పుడు వేయలేదు. వెతికి చూసుకుంది. లేదు. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న బిందెను ఎవరో గట్టు మీద దింపుకొమ్మంటే, దింపాక కూడా కాసేపు తల బరువుగానే ఉండి, ఆపైన మెల్లగా తేలికయినట్టు అనిపించింది. ఆళ్ళగడ్డ రాకముందే నిద్రపోయింది. కర్నూలు బస్టాండులో కండక్టరు లేపితే గానీ మెలకువ రాలేదు.

దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరింది. వార్త అంతకుముందే చేరింది. తెల్లచొక్కా మనిషి మద్దిలేటి రెడ్డికి ఫోను చేసి, "మీ ఇంటామె వచ్చి పోయిందన్నా, ఏదో మూట పట్టుకొని" అని చెప్పాడట. ఆయన హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఇచ్చినదాన్ని ఎనక్కి అడుక్కొచ్చుకుంటారా మే? నా పరువు యాడ పెట్టుకోవాల?"

"నేను ఇచ్చింటే అడిగేదాన్ని కాదు. ఇచ్చింది నువ్వు" అంది చౌడేశ్వరి. గొంతు పెంచలేదు. ఆమెకే ఆశ్చర్యంగా, మామూలుగా వచ్చింది గొంతు.

"ఓహో. అయితే ఈ ఇంట్లో ఏవేవి నీవో చెప్పు, చీటీలు అంటిస్తా!"

"చీటీలు ఎందుకు. నోరుంది గదా, అడుగు. నేను జవాబు చెప్తా. ఇస్తానంటే ఇస్తా, లేదంటే లేదు."

మద్దిలేటి రెడ్డి తల్లి వైపు చూశాడు. వెంకటలక్ష్మమ్మ మంచం మీద కూర్చుని మూట విప్పుతోంది. గిన్నె బయటపడగానే ట్యూబులైటు కిందకు ఎత్తిపట్టి, కండ్లు చికిలించి అటూ ఇటూ తిప్పింది. "దీంట్లో నెమలి ఉండాదా! ఇన్నాళ్ళూ నేను సరిగ్గా చూడనే ల్యా" అంది.

అంతలో చౌడేశ్వరి ఫోను మోగింది. తెరపై సుబ్బలక్ష్మమ్మ పేరు మద్దిలేటి రెడ్డికీ కనిపించింది. ఆయన ముఖంలో రంగు మారింది. "మాట్లాడు, మాట్లాడు. గని సంగతి ఎత్తు. మెల్లగా ఎత్తు" అని సైగలు చేశాడు. చౌడేశ్వరి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు గట్టిగా నవ్వింది. ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. గని మాట వినిపించలేదు.

లోపలికి రాగానే, "ఏమనింది?" అన్నాడు ఆత్రంగా.

"ఆదివారం వస్తాండాది. బస్సులో. ఇద్దరం పాతూర్లో అంగళ్ళు తిరగాలనుకుంటాండాం."

"ఇంటికి వస్తాదా! అయితే నాటుకోడి చెప్పల్ల. పోయినసారి లాగే..."

"ఇంటికి రాదు. బయటే తింటాం. షంషాద్ బీని కూడా పిలుస్తాం. నేను సాయంత్రానికి వస్తా."

మద్దిలేటి రెడ్డికి గని, పరువు, పెద్దాయన అన్నీ ఒకవైపు పోయి, అసలు సమస్య అప్పుడు కనపడింది.

"మరి ఆదివారం ఈడ వంట?"

చౌడేశ్వరి కాళ్ళు చాపుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఆ ప్రశ్న తనను అడిగినట్టు ఆమెకు అనిపించలేదు.

మంచం మీద నుంచి వెంకటలక్ష్మమ్మ అంది: "రాగిపిండి కుడిపక్క డబ్బాలో ఉంటాది నాయనా. నాకు నోట్లో పండ్లు లేవు. సంగటి ఉంటలు కట్టకుండా గెలుకు."